వస్తువులకు ఎండదెబ్బ, వానదెబ్బ

నాంపల్లి రైలు స్టేషను ఎదుట రోడ్డువారన కూర్చుండి చెప్పులు కుట్టే పెద్దాయన ఒకడున్నాడు. కిందటి వానాకాలంలో నేనతని వద్దకు ఒక జత బూట్లు పట్టుకొని వెళ్ళాను. అవి ఐదారేండ్ల కిందట కొన్నవి. పెండ్లిండ్లకూ సభలకూ పనికివస్తవని పెట్టెలో భద్రంగా దాచుకొన్నవి. అన్నీ కలిపి పదిసార్లకు మించి తొడిగి ఉండను. ఆనాడు తొడుగుకొని గడప దాటి నాలుగడుగులు వేశానో లేదో, కిందిసోలు పొడిపొడిగా విరిగి, నలిగిన బెల్లపుగడ్డవలె మెట్లమీద రాలింది. పైతోలు మాత్రం కొత్తపెళ్ళికొడుకులా నిగనిగలాడుతూనే ఉన్నది.

పెద్దాయన బొటనవ్రేలితో సోలును నొక్కి చూచి, "తొడిగి పోలే సార్, తొడగకనే పోయింది" అన్నాడు.

"అమ్మినవాడు పాతసరుకు అంటగట్టినట్లున్నాడు, పెద్దాయనా" అన్నాను.

"వాని తప్పేం లేదు సార్. గీ మెత్తటి సోలులన్నీ గిట్లనే. వానలు పడ్డంక మస్తు వస్తయి నా దగ్గరికి."

ఆయన చెప్పినదానిలో ఒక శాస్త్రవిషయం ఇమిడి ఉన్నది. ఒక వస్తువు "పోవడం" రెండు విధాలు. ఒకటి అరిగిపోవడం. నడిస్తే చెప్పు అరుగుతుంది, ఉతికితే గుడ్డ అరుగుతుంది. అది వాడకంవల్ల వచ్చేది. రెండవది చెడిపోవడం. దీనికి వాడకంతో పని లేదు. బీరువాలో తాళంవేసి పెట్టినా గాలి, నీటిఆవిరి, వేడి, వెలుతురు, సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకొని పోతుంటవి. చల్లని దేశాలలో వస్తువులు ఎక్కువగా అరిగి పోతవి; మన ఉష్ణమండలంలో అరగకమునుపే చెడిపోతవి. ఈ తేడా తెలియక మనం దుకాణదారునో, కంపెనీనో, చివరకు ఇంటివారినో నిందిస్తూ ఉంటాము.

నాంపల్లినుంచి ఆబిద్స్‌దాకా నడిస్తే ఈ రెండవ విధమైన చావుకు ఎన్నో ఉదాహరణలు కనబడతవి. నడుస్తూ చూద్దాము.

ముందుగా వేడి సంగతి. రసాయనచర్యలు ఉష్ణోగ్రతతోపాటు వేగం పుంజుకొంటవి. సుమారు పది సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగితే చర్యావేగం రమారమి రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటులెక్క ఉన్నది. అన్ని చర్యలకూ ఇది ఒకే తీరుగా వర్తించదు కాని, అంచనాకు పనికివస్తుంది. లండను నగరపు సాలుసరి సగటు ఉష్ణోగ్రత సుమారు 11 డిగ్రీలు. హైదరాబాదుది 26, 27 డిగ్రీలు. తేడా పదిహేను డిగ్రీలు దాటింది. అంటే అక్కడ మూడేండ్లలో జరిగే చెడుగు ఇక్కడ ఏడాది గడిచేసరికి జరిగే వీలున్నదన్నమాట. ఇది నీడపట్టున ఉన్న వస్తువుమాట. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారులోపలి లెక్క వేరే చెప్పనవసరం లేదు.

వేడి ఒక్కటే అయితే మన దక్కను పీఠభూమికి రాజస్థానానికి భేదం ఉండదు. ఇక్కడి విశేషం ఏమనగా, ఎండ తరువాత వాన. మే మధ్యాహ్నాలలో గాలిలోని సాపేక్ష ఆర్ద్రత, అనగా గాలి పట్టగలిగినంత తేమలో వాస్తవంగా ఉన్న తేమ పాలు, నూటికి 30 ప్రాంతానికి దిగజారుతుంది. ఆగస్టు ఉదయాలలో 80 దాటుతుంది. కర్ర, కాగితం, తోలు, నూలు ఇవన్నీ తేమను పీల్చి ఉబ్బుతవి, వదలి ముడుచుకొంటవి. ఎండకాలంలో సందులు చూపించే తలుపు శ్రావణంలో చౌకట్టులో బిగుసుకొని భుజంతో నెట్టినా రాదు. ఏటేటా ఈ ఉబ్బుడు, ముడుచుడు పడే వస్తువుకు కీళ్ళు సడలక ఏమవుతవి?

ఇక బూట్ల సోలుదగ్గరకు వద్దాము. తేలికగా, మెత్తగా, స్పంజివలె ఉండే ఈ సోలును పాలియురిథేను అనే కృత్రిమపదార్థంతో చేస్తారు. ఇది దండలోని పూసలవలె చిన్న అణువులు వరుసగా కలిసిన బృహదణువు. చాలా రకాలలో ఆ పూసలను కలిపే ముడులు ఎస్టరు జాతికి చెందినవి. ఒక ఆమ్లము, ఒక ఆల్కహాలు కలిసి నీటిని విడిచిపెట్టినప్పుడు ఎస్టరు ఏర్పడుతుంది. నీటిని తిరిగి ఇస్తే ఆ ముడి విడిపోయి మళ్ళీ ఆమ్లము, ఆల్కహాలు అవుతవి. దీనిని జలవిశ్లేషణ అంటారు. వానాకాలపు గాలిలోని ఆవిరి స్పంజి రంధ్రాలలోకి చొరబడి ఒక్కొక్క ముడిని విప్పుతూ పోతుంది. విప్పినప్పుడల్లా కొంత ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లమే తక్కిన ముడులు విడిపోవడానికి తోడ్పడుతుంది. కనుక మొదట నెమ్మదిగా సాగిన చర్య చివర్లో పరుగెత్తుతుంది. పైకి మాత్రం ఏ గుర్తూ కనబడదు. దారాలన్నీ తెగిపోయిన దండ నేలమీద పరచినంతసేపు దండలాగానే ఉంటుంది, ఎత్తినప్పుడు తెలుస్తుంది. నా బూట్లు గడప దాటినప్పుడు జరిగింది ఇదే.

కనుక పెట్టెలో మూసి దాచడం రక్షణ కాదు. మూసిన పెట్టెలో చేరిన తేమ బయటికి పోయే దారి ఉండదు. అప్పుడప్పుడు తొడిగి, గాలికి పెట్టడం మేలు. కొత్తబూట్లతో వచ్చే చిన్న పొట్లంలోని సిలికాజెల్ గింజలు తేమను పీల్చేవే కాని, ఒకసారి నిండిన తరువాత అవి గులకరాళ్ళతో సమానం. ఎండకో పొయ్యిసెగకో వేడిచేసి తేమ వదలగొడితేనే తిరిగి పనిచేస్తవి. కొనేటప్పుడు సోలు దేనితో చేసినదని అడగడం మనకు అలవాటు లేదు. మామూలు రబ్బరుకు గాని, ఈథరు జాతి ముడులున్న పాలియురిథేనుకు గాని ఈ నీటిగండం అంతగా లేదు.

స్టేషను దాటి ఆబిద్స్ వైపు తిరుగుదాము. ఈ పేట పేరువెనుక ఒక సరదా కథ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ యూదుడు ఉండేవాడు. ప్రభువు దుస్తులూ సామానులూ చూచే బాధ్యత ఆయనది. ఆయన ఇక్కడ పెట్టిన దుకాణంవల్లనే ఈ చోటికి ఆ పేరు వచ్చింది. మహబూబ్ అలీఖాన్ ఒకసారి తొడిగిన దుస్తును రెండవసారి తొడిగేవాడు కాడని చెప్పుకొంటారు. పురానీ హవేలీలో ఆయన దుస్తులు పెట్టిన 176 అడుగుల పొడవు అలమార ఇప్పటికీ ఉన్నది. అటువంటి ప్రభువుకు బూట్ల సోలుతో మన చిక్కు వచ్చే అవకాశం లేదు. చిక్కంతా ఒక జతతో ఐదేండ్లు గడుపుదామనుకొనేవారికే.

ఆదివారంనాడు ఆబిద్స్‌లో దుకాణాలు మూసి ఉంటే, వాటిముందు కాలిబాటమీద పాతపుస్తకాలు పరుస్తారు. నగరంలో చదువుకొన్నవారిలో ఇక్కడ వంగి పుస్తకం ఏరుకోనివారు తక్కువ. 1950లలో అచ్చయిన తెలుగు నవల ఒకటి చేతిలోకి తీసికొని పుట మడిచి చూడండి. మడత వద్దనే పుట విరుగుతుంది. అదే తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు వేలకొలది ఉన్నవి. మూడువందల ఏండ్లు దాటినా వాటిని విప్పి చదువవచ్చును. తాతకంటె మనుమడు ముందు ముసలివాడు కావడం ఎట్లా?

ఆ పాతకాగితాన్ని గుడ్డపీలికలు నానబెట్టి, దంచి, చేతితో చేశారు. అది దాదాపు శుద్ధమైన సెల్యులోజు. దాని నారలు పొడవైనవి. పందొమ్మిదవ శతాబ్దపు నడిమినుంచి యంత్రాలు కర్రను గుజ్జుచేసి కాగితం చేయసాగినవి. చవకకాగితంలో కర్రలోని లిగ్నిను అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు తగిలితే పసుపుబారేది అదే. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. సిరా పాకకుండా కాగితానికి రోజనము, పటిక పట్టించేవారు. పటిక తేమతో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజు గొలుసులను తెగగొడుతుంది. ఇదికూడ జలవిశ్లేషణే. అంటే బూటుసోలును తిన్న రోగమే పుస్తకాన్నీ తింటున్నది. అమెరికాలో విలియం బారో అనే ఆయన 1950లలో పాతపుస్తకాల కాగితాన్ని పరీక్షించి, కాలంకంటె ఆమ్లమే కాగితానికి పెద్ద శత్రువని చూపించాడు. ఆ తరువాతనే ఆమ్లంలేని కాగితం వాడుక పెరిగింది.

ఇది నవలలతో పోయే మాట కాదు. మన ఇండ్లలో భూమిదస్తావేజులు, పదవతరగతి సర్టిఫికెట్లు, జాతకాలు, పెండ్లిఫోటోలు ఒకే ఇనుపపెట్టెలో ఉంటవి. నేనెరిగిన ఒక కుటుంబంలో తండ్రి సర్వీసు కాగితాలు మడతలవద్ద నాలుగు ముక్కలైతే, పింఛను కోసం ఆ ముక్కలను పారదర్శకపు టేపుతో అంటించారు. కొన్నేండ్లకు టేపు జిగురే గోధుమరంగుకు తిరిగి అక్షరాలను మింగివేసింది. సర్టిఫికెట్లకు వేడిగా ప్లాస్టిక్ పూత వేయించేవారూ ఉన్నారు. లోపలి ఆమ్లం లోపలనే ఉండిపోతుంది, తరువాత విప్పడం సాధ్యం కాదు. మడతపెట్టకుండా, ఆమ్లంలేని తెల్లకాగితాల నడుమ, గోడకూ నేలకూ తగలని అరలో ఉంచడం వీటన్నిటికంటె మేలు. మన పెద్దలు వానలు వెనుకబట్టిన తరువాత పెట్టెలు తెరచి పట్టుచీరెలను నీడన ఆరవేసేవారు. కాగితానికీ అదే మర్యాద చేయవచ్చును.

తేమకు మరొక తోడుదొంగ బూజు. దాని బీజాలు గాలిలో ఎల్లప్పుడూ తేలుతూ ఉంటవి. ఆర్ద్రత నూటికి 65, 70 దాటి కొన్నాళ్ళు నిలిస్తే మొలకెత్తుతవి. తోలుబెల్టుమీద తెల్లని పొడి, పుస్తకపు అట్టమీద బూడిదరంగు మచ్చలు అందరికీ తెలిసినవే. ఫోటోగ్రాఫర్ల గుండె ఆగేది మాత్రం కెమెరా కటకంలో సాలెగూడువంటి సన్నదారాలు కనబడినప్పుడు. గాజుమీద బూజుకు తిండి ఏముంటుందని అడుగుతారేమో. వేలిముద్రలోని జిడ్డు, దుమ్ము, యంత్రంలోని నూనెతడి దానికి చాలును. పైగా అది విసర్జించే ఆమ్లాలు కటకంమీది పూతను కొరికివేస్తవి. తుడిచినా గాటు మిగిలిపోతుంది. అందుకే కెమెరాను దాని తోలుసంచిలో ఉంచి బీరువాలో దాచడం చాలా చెడ్డపని. మూతగట్టిగల డబ్బాలో, ఆరబెట్టిన సిలికాజెల్‌తో, ఆర్ద్రత నూటికి 45, 50 ప్రాంతంలో ఉండేటట్లు చూచుకోవాలి.

ఉష్ణమండలంలో వస్తువులెట్లా నశిస్తవో పాశ్చాత్యులకు గట్టిగా తెలిసినది రెండవ ప్రపంచయుద్ధంలో. పసిఫిక్ దీవులలో అమెరికన్ సైనికుల గుడారాలు, బెల్టులు, సంచులు, యూనిఫారములు శత్రువు గుండ్లకంటె వేగంగా బూజుకు ఆహుతైనవి. ఆ కుళ్ళిన నూలుగుడ్డలనుంచి శాస్త్రజ్ఞులు శిలీంధ్రాలను వేరుచేసి భద్రపరిచారు. సోలొమన్ దీవులలో దొరికిన అటువంటి బూజు ఒకదానికి తరువాత ఎల్విన్ రీస్ అనే శాస్త్రజ్ఞుని పేర ట్రైకోడెర్మా రీసీ అని పేరుపెట్టారు. సెల్యులోజును కరగదీసే ఎంజైములను పుష్కలంగా విడుదలచేయడంలో దానికి సాటివచ్చేవి అరుదు. నేడు కర్మాగారాలలో ఆ ఎంజైములతో జీన్సుగుడ్డను కావాలని వెలిసినట్లు చేస్తున్నారు; గడ్డీ చెత్తా చక్కెరగా మార్చి ఇంధనం తీస్తున్నారు. గుడారాలు తిన్న పురుగును కూలికి పెట్టుకొన్నారన్నమాట. ఆబిద్స్ దుకాణాలలో వెలిసిన జీన్సు కొత్తదానికంటె ఎక్కువ ధరకు అమ్మడం చూచినప్పుడల్లా నాకీ కథ గుర్తుకు వస్తుంది.

ఇనుము తుప్పు సంగతి చాలామందికి తెలిసినదే కనుక ఒక్క మాటతో వదలుతాను. గాలిలో తేమ కొద్దిగా ఉన్నంతవరకు శుభ్రమైన ఇనుము దాదాపు తుప్పుపట్టదు. ఆర్ద్రత నూటికి 60, 70 నడుమ ఒక గీత దాటగానే ఒక్కసారిగా పట్టడం మొదలవుతుంది. ఇంగ్లండులో వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడు గత శతాబ్దపు మొదటిభాగంలో చేసిన ప్రయోగాలవల్ల ఇది తేలింది. ఉప్పు ఇంకా తక్కువ తేమలోనే నీటిని లాగుకొంటుంది కనుక విశాఖపట్నం సముద్రపుగాలిలో ఆ గీత కిందికి దిగుతుంది. హైదరాబాదులో పదేండ్లు నిలిచే కిటికీచువ్వ అక్కడ అన్నాళ్ళు నిలవకపోవడానికి కారణమిదే.

వెలుతురుమాట మరచిపోరాదు. హైదరాబాదు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది. అందుచేత ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్దిసేపటికి సూర్యుడు సరిగా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. కిరణాలు అడ్డదారిన గాక నేరుగా దిగుతవి కనుక వాతావరణంలో తక్కువదూరం ప్రయాణిస్తవి. అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా నేలకు చేరతవి. ఈ కిరణాల శక్తిపొట్లం బొగ్గుపరమాణువుల మధ్య ముడిని తెంపడానికి సరిపోతుంది. టీకొట్టు ముందు ఎండలో వేసిన ప్లాస్టిక్ కుర్చీ రంగు వెలిసి, చేతికి సుద్దవలె అంటి, ఒకనాడు కూర్చున్నవానిని నేలమీద కూలవేయడం ఈ తెంపుడు ఫలితమే. టైరు నల్లగా ఉండేది మాత్రం ఊరికే కాదు. అందులో కలిపిన మసి రబ్బరుకు బలమిస్తూనే, ఈ కిరణాలను తాను పీల్చుకొని రబ్బరును కాపాడుతుంది.

ఆబిద్స్‌లోని జగదీశ్ మార్కెట్టులో చేతిఫోనులు బాగుచేసేవారి బల్లలు చూడండి. ఉబ్బిన బ్యాటరీలు తరచు కనబడతవి. లిథియం బ్యాటరీలో ఉండే ద్రవం ఎలక్ట్రోడులతో అనవసరమైన చర్యలు నెమ్మదిగా జరుపుతూనే ఉంటుంది. వేడి ఎక్కువైనకొద్దీ, నూటికి నూరు నింపి ఉంచినకొద్దీ ఆ చర్యలు పెరిగి వాయువులు పుడతవి, సంచి ఉబ్బుతుంది. రాత్రంతా దిండుకింద చార్జింగు పెట్టి, పగలు ఎండలో స్కూటరు పెట్టెలో వేసేవారు ఈ రెండు శిక్షలూ కలిపి విధిస్తున్నారు. సర్క్యూటుబోర్డుమీద చిన్న డబ్బాలవంటి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ల ఆయువుకూడ పది డిగ్రీలు పెరిగితే సగమవుతుందని తయారీదారులే లెక్కిస్తారు. కారు బ్యాటరీలు చేసేవారికి ఈ సంగతి ఏనాడో తెలుసు. చల్లని దేశాలలో నిండుగా చార్జి అయిన బ్యాటరీలోని ఆమ్లం విశిష్టసాంద్రత 1.280 ఉంటే, ఉష్ణదేశాలకు దానిని 1.240 ప్రాంతానికి తగ్గిస్తారు. కొంత శక్తి తగ్గినా లోపలి పలకలు ఎక్కువకాలం నిలుస్తవి.

ఇక్కడొక ప్రశ్న రావాలి. బ్యాటరీకి చేసిన ఈ సర్దుబాటు తక్కిన వస్తువులకు ఎందుకు చేయరు? కొంత చేశారు. గుడ్డ గట్టిదనం పరీక్షించడానికి చల్లని దేశాల ప్రమాణం 20 డిగ్రీల వేడి, నూటికి 65 ఆర్ద్రత. మన భారతీయ ప్రమాణాల సంస్థ అదే ఆర్ద్రత ఉంచి, ఉష్ణోగ్రతను 27 డిగ్రీలుగా నిర్ణయించింది; ఉష్ణదేశాలకు అంతర్జాతీయంగాకూడ ఈ లెక్కను అంగీకరించారు. కాని బీరువాలో ఐదు వర్షాకాలాలు గడిపిన తరువాత వస్తువు ఎట్లా ఉంటుందన్నది వేరే ప్రశ్న. డబ్బామీద అచ్చువేసే గ్యారంటీలో దానికి జవాబు దొరకడం అరుదు. ఆ లోటును చివరకు భరించేవాడు జీతంరాళ్ళు లెక్కపెట్టుకొని కొనేవాడే.

తిరిగి నాంపల్లి చేరి పబ్లిక్ గార్డెన్సులోకి వెళదాము. అక్కడి రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఈజిప్టునుంచి వచ్చిన మమ్మీ ఒకటున్నది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని కొని తెచ్చాడు. ఏడవ నిజాంకు బహూకరించగా ఆయన 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చాడు. దాని వయస్సు సుమారు 2,500 ఏండ్లు. ఈజిప్టువారు శవాన్ని నేట్రాను అనే సోడా ఉప్పులో పూడ్చి నీరంతా లాగివేశారు. ఆ దేశపు ఎండుగాలి తక్కిన పని చూచింది. రెండువేల ఏండ్లకు పైగా చెక్కుచెదరని ఆ దేహం మన నగరంలో గడిపింది ఒక నిండు మనిషి ఆయువంత కాలమే. అంతలోనే శిథిలమయ్యే గుర్తులు కనబడసాగినవి. వానాకాలపు తేమ, వేసవివేడి, గాలిలోని ఆమ్లజని అన్నీ చేరి నా బూట్లకు చేసిన మర్యాదే దానికీ చేశాయి.

2016లో దానిని గాలిచొరని గాజుపేటికలోకి మార్చారు. అందులో ఆమ్లజనిని తొలగించి నత్రజని నింపారు. ఆమ్లజని లేనిచోట పురుగు బ్రతకదు, బూజు పెరగదు, ఆక్సీకరణం సాగదు; పేటిక మూసి ఉన్నది కనుక బయటి తేమ మారినా లోపల మారదు. వేడి ఒక్కటే మిగిలిన శత్రువు. దానిని అద్దం ఆపలేదు కాని, తక్కిన మూడూ లేనప్పుడు దాని బలం చాలావరకు ఉడుగుతుంది. సందర్శకులు ఆ పేటికను చూచి లోపలి రాకుమారి గురించి మాట్లాడుకొంటారు. లోపల నింపిన వాయువును గురించి అడిగేవారు తక్కువ.

బీరువాలకు నత్రజని నింపుకొనే స్థితి మనకెట్లాగూ లేదు. నా బూట్లకు నాంపల్లి పెద్దాయన పాతటైరు రబ్బరు కోసి, మైనం పట్టించిన దారంతో సోలు కుట్టి ఇచ్చాడు. మునుపటికంటె బరువు, నడుస్తుంటే కొంచెం చప్పుడు చేస్తవి. వాటిని ఇక పెట్టెలో పెట్టవద్దని ఆయన గట్టిగా చెప్పాడు. వారానికి మూడు నాలుగు రోజులు తొడుగుతున్నాను. మడమవద్ద కొద్దిగా అరుగుతున్నవి.